మల్లుడు రికిదోజాన్

టోక్యో మహానగరమున షింబాషి అను రైలు స్టేషను కలదు. దాని ముంగిట విశాలమైన బయలు ఒకటి యున్నది. 1954వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీ సాయంకాలము ఆ బయలు ఇసుక వేసిన రాలనంత జనముతో క్రిక్కిరిసియుండెను. అది పండుగ దినము కాదు, తిరునాళ్ళు కాదు. పైగా ఎముకలు కొరికెడు చలి. అయినను ఆఫీసులు విడిచి ఇండ్లకు పోవలసిన గుమాస్తాలు, కర్మాగారముల కూలీలు, అంగళ్ళు కట్టివేసి వచ్చిన వర్తకులు, బిడ్డలను ఎత్తుకొన్న తల్లులు ఒకరినొకరు త్రోసికొనుచు, మునివ్రేళ్ళపై నిలిచి చూచుచుండిరి. ఆ రాత్రి అచ్చట 20,000 మంది చేరిరని చెప్పుదురు. వారందరి చూపులును ఎత్తైన గట్టుపై నుంచిన ఒక చిన్న పెట్టెపై నిలిచియుండెను. ఆ పెట్టె టెలివిజను. దాని తెరపై నల్లని పొడుగు లాగు తొడిగిన జపాను మల్లుడొకడు, తనకంటె తలయెత్తు పొడవైన తెల్లజాతి మల్లుని రొమ్ముపై అరచేతి అంచుతో కొట్టుచుండెను. దెబ్బ పడినప్పుడెల్ల బయలంతయు దద్దరిల్లెను. పరిచయము లేనివారు ఒకరినొకరు కౌగిలించుకొనిరి. కొందరి కన్నుల నీరు తిరిగెను.

ఆ మల్లుడే రికిదోజాన్. ఆనాటికి పట్టుమని మూడేండ్ల క్రిందట ఆ విధమైన కుస్తీ యొకటి యున్నదని జపాను ప్రజలకు తెలియదు. ఆ రాత్రి తరువాత ఆయన పేరు ఎరుగని బాలుడు ఆ దేశమున లేకపోయెను. ఒక కుస్తీ పోటీ చూచి జనము కన్నీరు పెట్టుకొనుటకు కారణమేమో తెలియవలెనన్న ముందుగా ఆ జనము అంతకుముందు పడిన పాట్లు తెలియవలెను.

1945 ఆగస్టులో జపాను యుద్ధమున ఓడి లొంగిపోయెను. హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులచే నాశనమయ్యెను. టోక్యో నిప్పుబాంబులచే సగము బూడిద యయ్యెను. అమెరికా సేనలు దేశమును ఆక్రమించి 1952 ఏప్రిల్ 28వ తేదీ వరకు పరిపాలించెను. తిండి లేదు, బట్ట లేదు, ఇల్లు లేదు. అన్నిటికంటె మిన్నగా, పొడవైన పరదేశి సైనికుడు ఎదురైనపుడు తల వంచుకొని ప్రక్కకు తొలగవలసిన కాలమది.

అట్టి దినములలో ఆటలైనను కొంత ఊరట కలిగించునేమో యని జపానువారు ఆశపడిరి. ఆ ఆశలును నిలువలేదు. 1948లో లండనున జరిగిన ఒలింపిక్ క్రీడలకు జపానును ఆహ్వానింపలేదు. ఆ క్రీడలు జరుగుచున్న దినములలోనే ఫురుహాషి హిరోనోషిన్ అను యువకుడు టోక్యోలో 1500 మీటర్లు ఈది, లండనులో గెలిచినవానికంటె తక్కువ కాలములో చేరెను. దేశమంతయు ఉప్పొంగెను. కాని నాలుగేండ్లు గడచి 1952లో హెల్సింకీ క్రీడలకు అతడు పోవునప్పటికి అతని బలము తగ్గెను. 400 మీటర్ల తుదిపోటీలో ఎనిమిదవవాడుగా వచ్చెను. ఆ ఏడు జపానుకు దక్కినది ఒకే ఒక స్వర్ణపతకము. ఇక బేస్‌బాల్ ఆట యన్న జపానువారికి ప్రాణము. 1949లో అమెరికానుండి సాన్‌ఫ్రాన్సిస్కో సీల్స్ అను జట్టు వచ్చి జపాను జట్లను వరుసగా ఓడించిపోయెను. 1953లో న్యూయార్కు జయంట్స్ జట్టు వచ్చి 14 ఆటలాడి 12 గెలిచెను, ఒక్కటి మాత్రమే ఓడెను. స్వదేశమున, తమ మైదానమున, తమ కన్నులయెదుట తమ జట్లు అట్లు ఓడిపోవుచుండగా లేచిపోలేక, చూడలేక కూర్చుండుట ఎంతటి బాధయో ఆటలయందు మక్కువ గలవారు ఊహింపగలరు. షిరాయి యోషియో అను ముష్టియోధుడు 1952లో ప్రపంచ విజేత యయ్యెను, నిజమే. కాని అది మిక్కిలి తేలికవారి తరగతి. మహాకాయులైన తెల్లవారిని ఎదిరించి నిలుచు జపానువాడు ఒక్కడైన ఉండడా యన్న కోరిక జనుల మనస్సులలో తీరక యుండిపోయెను.

ఆ కోరికను తీర్చిన మల్లుడు నిజమునకు జపానువాడు కాడు. ఆయన కొరియా దేశీయుడు.

రికిదోజాన్ 1924 నవంబరులో కొరియాకు ఉత్తరభాగముననున్న దక్షిణ హామ్‌గ్యోంగ్ మండలమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు కిమ్ సిన్‌రాక్. 1910 మొదలు కొరియా జపాను ఏలుబడిలో నుండెను. కొరియా పల్లెలలో పండుగదినములందు కుస్తీ పోటీలు జరుపుట ఆచారము. బాలుడైన సిన్‌రాక్ అన్నగారితోపాటు ఆ పోటీలలో పాల్గొనుచుండెను. అతని దేహదారుఢ్యమును చూచిన జపానువారు అతనిని సుమో మల్లునిగా చేయుటకు తమ దేశమునకు రప్పించిరి. 1940లో, ఇంకను పదునారేండ్లు నిండకముందే, ఆ బాలుడు టోక్యోలోని నిషోనోసెకి అను సుమో తాలింఖానాలో చేరెను.

సుమో జపానువారి ప్రాచీన మల్లవిద్య. మట్టితో కట్టిన చిన్న గుండ్రని బరిలో ఇద్దరు స్థూలకాయులు తలపడుదురు. పాదములు దక్క మరి యే అవయవము నేల తాకినను, బరి దాటినను ఓటమి. చూచుటకు క్షణకాలపు ఆట; నేర్చుటకు ఏండ్లు పట్టును. తాలింఖానాలలో క్రొత్తగా చేరినవారు వేకువనే లేచి నేల ఊడ్వవలెను, వంట చేయవలెను, పెద్ద మల్లుల వీపులు తోమవలెను, దెబ్బలు తినవలెను. పరాయి దేశపు బాలునకు ఆ దెబ్బలు మరి రెండు ఎక్కువగానే పడియుండును. అచ్చటనే అతనికి రికిదోజాన్ అను మల్లనామము లభించెను. మొదట మల్లుల పట్టికలో అతని జన్మస్థలము కొరియా యని వ్రాసిరి. తరువాత దానిని తీసివేసి నాగసాకి మండలములోని ఓమురా అని మార్చిరి. మోమొతా మిత్సుహిరో అను జపాను పేరు అతనికి నిలిచెను. అతడు కొరియావాడను మాట మెల్లగా మరుగున పడెను. దానిని మరుగుననే ఉంచవలెనని అతడును నిశ్చయించుకొనెను.

అతడు శ్రమించి పైకి వచ్చెను. 1946లో పై తరగతి చేరెను. 1947 జూన్‌లో ప్రథమ బహుమానమునకై జరిగిన తుదిపోటీవరకు వచ్చెను. 1949లో సెకివాకె యను పదవి పొందెను. సుమోలో యోకొజునా, ఓజెకి యను రెండు పదవులే దానికంటె పైవి. ఇంకొక్క మెట్టు ఎక్కునని అందరు అనుకొనుచుండగా, ఊపిరితిత్తుల జబ్బు పట్టి అతనిని క్రుంగదీసెను. 1950వ సంవత్సరమున ఒకనాటి రాత్రి అతడు కత్తి తీసికొని తన సిగను తానే కోసికొనెను. సుమో మల్లునకు సిగ యన్న యజ్ఞోపవీతము వంటిది. దానిని గురువు సమక్షమున, సభామధ్యమున, వీడ్కోలు ఉత్సవముగా తీయించుకొనుట మర్యాద. వంటయింట ఒంటరిగా కోసికొనుట కాదు. గురువుతో డబ్బు తగవు వచ్చెనని కొందరు, కొరియావాడగుటచే పైపదవి రాదని తెలిసికొనెనని కొందరు చెప్పిరి. ఆయన మాత్రము రెండవ కారణమును జీవితకాలమున బహిరంగముగా ఒప్పుకొనలేదు. ఒప్పుకొనుటకు వీలును లేదు.

ఇరువదియారేండ్లు నిండని ఆ యువకునకు సుమో తప్ప మరియొక విద్య రాదు. ఒక కట్టడముల కాంట్రాక్టరు అతనిని చేరదీసి మేస్త్రీ పని ఇచ్చెను. పగలు పని చేయుట, రాత్రులు తాగి తగవులాడుట—అట్లు ఒక సంవత్సరము గడచెను.

1951లో అమెరికా మల్లులు కొందరు ధర్మకార్యమునకై ధనము ప్రోగుచేయుటకును, అమెరికా సైనికులకు వినోదము కలిగించుటకును టోక్యోకు వచ్చిరి. వారిది సుమో కాదు. టిక్కెట్లు పెట్టి, త్రాళ్ళు కట్టిన వేదికపై ఆడెడు వృత్తికుస్తీ. రికిదోజాన్ వారి కంటబడెను. వారి శిక్షణలో కొలది వారములు గడపి, 1951 అక్టోబరు 28వ తేదీన బాబీ బ్రన్స్ అను వారి నాయకునితో పది నిమిషములు పోరాడి సరిసమానముగా నిలిచెను. సుమోలో క్షణములు పోరాడుటకు అలవడిన శరీరమది. పది నిమిషములు గడచుసరికి ఆయాసముతో కూలబడినంత పని అయ్యెను. అయినను అతనికి క్రొత్త త్రోవ దొరకెను. మరుసటి ఏడు ఫిబ్రవరిలో హవాయి దీవులకు పోయి, ఓకి షికినా యను వస్తాదువద్ద సముద్రపుటొడ్డున ఇసుకలో పరుగెత్తుచు దేహమును క్రొత్తగా మలచుకొనెను. స్థూలకాయము కరగి కండలు తేలెను. పిదప అమెరికా ఖండమున వందలకొలది కుస్తీలు పట్టి 1953లో తిరిగివచ్చెను.

అమెరికాలో ఆయన పట్లకంటె ముఖ్యమైన సంగతియొకటి నేర్చెను. ఆ దేశమున అప్పటికే కుస్తీని టెలివిజనులో చూపుచుండిరి. ప్రేక్షకుడు డబ్బు ఇచ్చునది మల్లుల బలమును చూచుటకు మాత్రమే కాదు. మంచివాడెవడు, చెడ్డవాడెవడు అని తెలిసికొని, చెడ్డవాడు చేయు అన్యాయమును చూచి ఉడికిపోయి, చివరకు మంచివాడు తిరగబడినపుడు మనసారా అరచుటకు. ఇది మన వీధినాటకమునకు మిక్కిలి దగ్గరి విషయము. ఎవరు గెలువవలెనో చాలవరకు ముందుగానే నిర్ణయింపబడియుండును. పడుట, లేచుట, దెబ్బ తగులుట నిజమే. ఎముకలు విరుగుటయు నిజమే. ఫలితము మాత్రము కట్టుదిట్టముగా కూర్చిన కథ. బేస్‌బాల్ జట్టు ప్రేక్షకులకు విజయమును వాగ్దానము చేయలేదు, ఏలయన ఎదుటి జట్టు ఓడుటకు ఒప్పుకొనదు. వృత్తికుస్తీ ఆ వాగ్దానమును చేయగలదు, నిలుపుకొనగలదు కూడ.

1953లో రికిదోజాన్ జపాను వృత్తికుస్తీ సంఘమును స్థాపించెను. టెలివిజను కూడ ఆ సంవత్సరమే జపానుకు వచ్చినది. ప్రభుత్వ ప్రసారసంస్థ ఫిబ్రవరిలో ప్రసారములు మొదలిడునాటికి దేశమంతటను కొనినవారి పెట్టెలు 866 మాత్రమే. ఒక్కొక్కదాని వెల చిన్న ఉద్యోగి ఏడాది జీతమునకు మించియుండెను. ఆగస్టులో ప్రసారములు ప్రారంభించిన నిప్పన్ టెలివిజను అధిపతి షోరికి మత్సుతారో ఒక ఉపాయము పన్నెను. జనము పెట్టెలు కొనలేరు గనుక పెట్టెలనే జనమువద్దకు పంపెను. రైలు స్టేషనులయొద్దను, తోటలలోను, నాలుగు వీధులు కలియుచోటను పెద్ద టెలివిజనులు నిలిపించెను. ఆ వీధి టెలివిజనులకు తగిన ఆట కుస్తీ. బేస్‌బాల్ బంతి చిన్నది, మైదానము పెద్దది. ఆనాటి మసక తెరపై బంతి కనబడదు. కుస్తీవేదిక చిన్నది, మల్లులు పెద్దవారు.

1954 ఫిబ్రవరిలో మూడునాళ్ళు జరిగిన పోటీలకు రికిదోజాన్ రప్పించిన ప్రతిమల్లులు బెన్ షార్ప్, మైక్ షార్ప్ అను అన్నదమ్ములు. ఇరువురును ఆరున్నర అడుగులకు ఇంచుమించైన ఎత్తరులు. జనము వారిని అమెరికావారనుకొనెను. నిజమునకు వారు కెనడావారు. రికిదోజాన్‌కు జతగా నిలిచినవాడు కిమురా మసహికో. జూడో విద్యలో అతనిని మించినవాడు లేడని పేరు. 1951లో బ్రెజిలు దేశమున హేలియో గ్రేసీ యను ప్రసిద్ధుని ఓడించి వచ్చినవాడు. కాని ఈ కుస్తీలో కిమురాకు వచ్చిన వంతు వేరు. షార్ప్ సోదరులు మధ్యవర్తి కన్నుగప్పి ఇద్దరును ఒకసారిగా అతనిపై బడి మర్దించుదురు. అతడు త్రాళ్ళపై వ్రేలాడును. ప్రేక్షకులు పండ్లు కొరుకుదురు. అప్పుడు రికిదోజాన్ వేదికపైకి దుమికి, సుమోలో నేర్చిన అరచేతి దెబ్బను మలచి తాను రూపొందించిన కరాటే వ్రేటుతో ఆ పొడగరుల నిద్దరిని తల్లక్రిందులు చేయును. ఓడిన యుద్ధమునంతటిని ఆ రాత్రి వీధిలో నిలుచున్నవారు మరల పోరాడి గెలిచిరి. గెలిపించినవాడు ఎవరో వారికి తెలియదు.

ప్రతిరోజు దెబ్బలు తినుటకే నియమింపబడిన కిమురా మనసు నొచ్చుకొనుట సహజము. ఇది వట్టి ప్రదర్శనమనియు, నిజమైన పోటీలో తాను రికిదోజాన్‌కు ఓడననియు అతడు ఆ సంవత్సరాంతమున పత్రికలవారితో చెప్పెను. 1954 డిసెంబరు 22వ తేదీన ఇద్దరికిని పోటీ ఏర్పడెను. సరిసమానముగా ముగించుటకు ముందుగా ఒప్పందము జరిగినదని కిమురా తరువాత చెప్పెను. పోటీ కొంతసేపు ఆటగానే నడచెను. ఇంతలో కిమురా తన్నరానిచోట తన్నెనని రికిదోజాన్ ఆగ్రహించెనట. ఆపై ఆయన కొట్టిన దెబ్బలు ఆట దెబ్బలు కావు. పదునారు నిమిషములు నిండకముందే కిమురా నోట నెత్తురు కారుచు స్పృహ తప్పి పడిపోయెను. రికిదోజాన్ జపాను విజేత యయ్యెను. కాని ఎదుటివాడు నమ్మి చేతులు దించియున్నపుడు కొట్టిన దెబ్బ వీరుని దెబ్బ యనిపించుకొనదు. కిమురా ఆ అవమానమును తుదివరకు మరువలేదు. జనము మాత్రము త్వరలోనే మరచెను. వారికి కావలసినది గెలిచెడు మల్లుడు.

మరుసటి ఏడు నవంబరులో రికిదోజాన్ కింగ్‌కాంగును ఓడించి ఆసియా విజేత యయ్యెను. ఈ కింగ్‌కాంగు దారాసింగుతో అనేక పర్యాయములు తలపడి మన దేశమున ఊరూర పేరెక్కినవాడే. 1957 అక్టోబరులో ప్రపంచ విజేతయైన లూ థేజ్ టోక్యోకు వచ్చెను. థేజ్ వేషధారి మల్లుడు కాడు. నిజమైన పట్లు తెలిసినవాడు, పెద్దమనిషి. కొరాకుయెన్ బేస్‌బాల్ మైదానము నడుమ వేదిక వేసిరి. మేటి బేస్‌బాల్ ఆటలకు నిండెడు ఆ మైదానము ఆ రాత్రి కుస్తీకి నిండెను. ఇద్దరును ఒక గంట పోరాడిరి. ఎవరును ఓడలేదు. టెలివిజనులు గలవారిలో నూటికి 87 మంది ఆ పోటీని చూచిరని లెక్కలు చెప్పినవి. 1958 ఆగస్టులో లాస్ ఏంజిలిస్ నగరమున థేజ్‌ను గెలిచి అంతర్జాతీయ విజేత యను బిరుదముతో ఆయన తిరిగివచ్చెను.

అంతట శుక్రవారపు రాత్రులు కుస్తీరాత్రులయ్యెను. మిత్సుబిషి కంపెనీవారు ప్రసారపు ఖర్చు భరించి, ఒక కుస్తీకిని మరియొక కుస్తీకిని నడుమ తమ విద్యుత్ చీపురుయంత్రముతో వేదికను ఊడ్పించెడివారు. పోటీతోపాటు ఆ యంత్రమునుకూడ దేశమంతయు కన్నార్పక చూచెడిది! వీధి టెలివిజనుల అవసరము తీరి పెట్టెలు ఇండ్లలోనికి వచ్చినవి. వానితోపాటు వృత్తికుస్తీ చేటును ఇండ్లలోనికి వచ్చినది. 1962లో ఫ్రెడ్ బ్లాసీ యను మల్లుడు ప్రతిమల్లుల నొసళ్ళు కొరికి నెత్తురు కార్చుట చూచి గుండె ఆగి కొందరు వృద్ధులు మరణించిరని పత్రికలు వ్రాసినవి. బాలురు బడులలో కుస్తీపట్లు అనుకరించి గాయపడుచున్నారని తల్లిదండ్రులు మొరపెట్టుకొనిరి. ఆ మొర న్యాయమైనదే.

రికిదోజాన్ ధనవంతుడయ్యెను. షిబుయాలో క్రీడాభవనము కట్టించెను, వాసగృహములు కట్టించెను. శిష్యులను చేరదీసెను. చేయి చెడి బేస్‌బాల్ వదలిన యోమియూరి జట్టు ఆటగాడు బాబా షోహె వారిలో ఒకడు. ఆరడుగుల పది అంగుళముల ఆజానుబాహుడు. బ్రెజిలు కాఫీతోటలలో కూలిచేయుచుండగా కనుగొని తెచ్చిన పదునేడేండ్ల ఇనోకి మరియొకడు. కొరియానుండి దొంగతనముగా ఓడనెక్కి వచ్చి పట్టుబడిన కిమ్ ఇల్‌ను విడిపించి శిష్యునిగా చేసికొనెను. గురువుగా ఆయన కఠినుడు. తాను తాలింఖానాలో తిన్న దెబ్బలన్నియు వారికి పంచెను.

ఇంత వైభవములోను ఆయనకు ఒక భయము వదలలేదు. జపానువారి పౌరుషమునకు ప్రతిరూపముగా నిలిచినవాడు జపాను ఏలిన దేశపు బిడ్డయని తెలిసిన నాడు ఏమగును? కొరియావారికి మంచి ఉద్యోగము దొరకని కాలమది, అద్దె ఇల్లు దొరకని కాలమది. హరిమోతో ఇసావో అను బేస్‌బాల్ వీరుడును కొరియా సంతతివాడే. అతడు రికిదోజాన్‌ను తమ్మునివలె ఆశ్రయించియుండెను. ఒకనాడు రికిదోజాన్ తన గదికి తాళము వేసికొని, రేడియోలో కొరియా పాటలు పెట్టి, చప్పుడు తగ్గించి వినుచు ఆనందించుట చూచితినని అతడు తరువాతి కాలమున చెప్పెను. మూసిన తలుపు వెనుక కూడ చప్పుడు తగ్గించియే వినెను!

1963 జనవరిలో ఆయన దక్షిణ కొరియాకు పోయెను. అచ్చట ఘనముగా గౌరవించిరి. పుట్టిన ఊరు మాత్రము ఉత్తరమున, సరిహద్దునకు ఆవల నుండెను. ఆ ప్రయాణపు వార్త జపానులో ఒకానొక పత్రికలో వచ్చినందుకు ఆయన మండిపడెను. ఆ ఏడు మే 24వ తేదీన ముసుగు మల్లుడు డెస్ట్రాయరుతో జరిపిన పోటీని దేశమున నూటికి 64 ఇండ్లలో చూచిరి.

అదే ఆయన వైభవమునకు చివరి శిఖరము. 1963 డిసెంబరు 8వ తేదీ రాత్రి టోక్యోలోని ఒక విలాసశాలలో రౌడీ యొకనితో మాట మాట పెరిగెను. ఆయన త్రాగియుండెను. వానిని పడగొట్టి పైనెక్కి కొట్టుచుండగా వాడు కత్తి దూసి కడుపున పొడిచెను. గాయము చిన్నదిగానే కనబడెను. శస్త్రచికిత్స జరిగెను, కోలుకొనుచున్నాడనిరి. వారము తిరుగుసరికి కడుపున విషము వ్యాపించి, రెండవసారి శస్త్రచికిత్స చేసిన డిసెంబరు 15వ తేదీ రాత్రియే మరణించెను. అప్పటికి ఆయనకు ముప్పదితొమ్మిదేండ్లు. భార్య గర్భవతి, పెండ్లియై ఆరు నెలలు.

ఆయన పోయిన పది నెలలకు 1964 అక్టోబరులో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. జపాను 16 స్వర్ణపతకములు గెలిచెను. అందు అయిదు కుస్తీలోనివే. ముందుగా ఎవరును నిర్ణయింపని కుస్తీలు అవి. జూడోలో మాత్రము, జపానువారు తమ సొంతమనుకొనిన ఆ విద్యలో, బరువు పరిమితి లేని పోటీయందు హాలండు దేశపు గీసింక్ జపాను యోధుని అదిమిపట్టి గెలిచెను. వేలమంది నిశ్శబ్దముగా చూచుచుండిరి. ఆ నెల 23వ తేదీన వాలీబాల్ తుదిపోటీలో జపాను స్త్రీల జట్టు సోవియట్ జట్టును ఓడించుచుండగా నూటికి 66 ఇండ్లకు పైగా టెలివిజనులు దానినే చూపుచుండెను. డెస్ట్రాయరు పోటీ లెక్కకు అది రెండు పాళ్ళు మిన్న.

ఆయన జన్మరహస్యము జపాను ప్రజలకు బాహాటముగా తెలియుటకు ఇంకను చాల ఏండ్లు పట్టెను. ఉత్తర కొరియాలో ఆయనకు ఒక కుమార్తె కలదని, ఆమెను ఆయన ఎన్నడును బహిరంగముగా చెప్పుకొనలేకపోయెనని అప్పుడు తెలిసెను. ఉత్తర కొరియావారు ఆయనను తమ దేశపు వీరునిగా కొనియాడిరి. శిష్యుడైన ఇనోకి అప్పటికి జపాను పార్లమెంటు సభ్యుడై యుండెను; 1995 ఏప్రిల్‌లో ప్యోంగ్‌యాంగ్ నగరమునకు మల్లులను తీసికొనిపోయి, గురువుగారి పుట్టిన నేలపై మహాజనసమూహము నడుమ కుస్తీ పట్టెను. టోక్యోలో ఇకెగామి హోన్‌మోంజి అను దేవాలయము కలదు. దాని శ్మశానవాటికలో చేతులు కట్టుకొనియున్న రికిదోజాన్ కంచు విగ్రహము నిలిచియున్నది. ఆ సమాధిపై చెక్కినది ఆయన మల్లనామము.